ఇత్తడి రేకు మీద నంబరు

మా చిన్నప్పుడు... విశ్వకర్మ పూజకు ముందు రోజు ఇంట్లో ఇద్దరం ఇత్తడి తోమేవాళ్లం. అమ్మ దీపపు కుందులు, మరచెంబు. నేను నాన్న మిషను మీది రేకు.

ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లో నాన్నకు చిన్న వడ్రంగి షెడ్డు ఉండేది. అందులో చెక్కకు చిత్రిక పట్టే మిషను... పోత ఇనుముది, ఇంగ్లండులో తయారైనది, నాన్న కంటే వయసులో పెద్దది. దాన్ని అమ్మింది నాన్న స్నేహితుడు నిమాయి. ట్రాఫిక్ కాలనీలో ఉండే బెంగాలీ వడ్రంగి. నేను కాకు అని, అంటే వాళ్ల భాషలో బాబాయి అని పిలిచేవాణ్ణి. చిన్నప్పటి నుంచీ ఇక్కడి మా తెలుగువాళ్ల మధ్యే తిరిగి, మా యాస మాకంటే బాగా మాట్లాడేవాడు.

మిషను ముందు వైపు అరచేయంత ఇత్తడి రేకు. దాని మీద లోతుగా చెక్కిన కంపెనీ పేరు, కింద పైపైన కొట్టిన సన్నటి నంబరు. చింతపండు, ఇటుక పొడితో రుద్దమని అమ్మ చెప్పేది. నాకంత ఓపిక ఎక్కడిది... ఎవరూ చూడకుండా, నాన్న చెక్కను నున్నగా రుద్దే ఉప్పు కాగితం ముక్క ఒకటి తీసేవాణ్ణి. రెండు నిమిషాల్లో తళతళా మెరిసేది. మూడేళ్లు అలాగే చేశాను.

"సూడు దాదా, రేకులో మొకం కనబడతంది! గుంటడు పనిమంతుడే," అని పూజకు వచ్చిన కాకు నా వీపు తట్టేవాడు.

నాకు పదకొండేళ్లప్పుడు మిషను లోపలి పళ్ల చక్రం విరిగింది. నాన్న ఆ ముక్కలు గోనె సంచిలో వేసుకుని కలకత్తా వెళ్లాడు. పాత మిషన్ల సామాను అమ్మే దుకాణాయన, ఆ కంపెనీ మిషన్లు నాలుగైదు రకాలు వచ్చాయని, నంబరు చెప్తే తప్ప చక్రం సంగతి చూడలేనని అన్నాడట. నాన్న తిరిగొచ్చి, చెప్పులైనా విడవకుండా రేకు ముందు కూర్చున్నాడు. కంపెనీ పేరు ఉంది. నంబరు ఉండాల్సిన చోట నున్నగా ఉంది...

"నంబరు ఎవుడు సెరుపుతాడే? దొంగ సరుకైతేనే సెరుపుతాడు. నిమాయిగాడు నాకు దొంగ మిషను అంటగట్టేసినాడు!"

"ఆయన అలాటోడు కాడు. ఒకపాలి అడిగి సూడండి," అంది అమ్మ.

నాన్న అడగలేదు. మర్నాడు టీ కొట్టు దగ్గర నలుగురి ముందు కాకు ముఖం మీదే అనేశాడు.

"నేను దొంగనా? నేనిచ్చిన్నాడు నంబరు ఉన్నాది దాదా!" కాకు టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"అయితే రేకే మింగేసిందా నంబరుని?"

కొట్టు దగ్గరున్న వాళ్లు నవ్వారు. నేను నాన్న పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే అక్కడితో తేలిపోయేది. తెరవలేదు... ఉప్పు కాగితం అరిగేంతసేపు కూడా పట్టని మాట అది.

కాకు మళ్లీ మా షెడ్డు గుమ్మం ఎక్కలేదు. నాన్న చెక్కతో నమూనా చెక్కి, ఊళ్లోనే పోత పోయించి కొత్త చక్రం బిగించాడు. మిషను తిరిగింది కానీ ఒకటే మోత. ఆ మోత వీధి చివరిదాకా నా వెనకే వచ్చేది.

నాన్న పోయి తొమ్మిదేళ్లు. చివరిదాకా నేను ఆయనకు చెప్పలేదు.

షెడ్డు ఇప్పుడు నాది. పని ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు, చూసి నేర్చుకున్నదే. ఈ మధ్య ఆ పోత చక్రమూ అరిగిపోయింది. అన్నం తింటూ ఆపి మరీ ఫోన్లో వెతికాను... పాత వడ్రంగి మిషన్ల వాళ్ల గుంపులు, అమ్మకాలు, బొమ్మలు. ఫోటోలు పెట్టాను. నంబరు ఏదని అందరూ అడిగేవాళ్లే. చివరికి సముద్రం అవతలి పెద్దాయన ఒకరు రాశారు... రేకు మీదే కాదు, మిషను బల్ల చివర ఇనుము మీద కూడా నంబరు కొట్టేవాళ్లు, జిడ్డు తీసి చూడండి అని.

కిరసనాయిలు గుడ్డతో రుద్దాను. గడ్డకట్టిన నూనె, రంపపు పొట్టు కింద నుంచి ఐదంకెలు బయటపడ్డాయి. దొంగ సరుకైతే ఆ నంబరును మాత్రం ఎవరు ఉంచుతారు?

నంబరు పంపిన మర్నాటికల్లా చక్రం కొలతలు, పళ్ల లెక్క వచ్చేశాయి. కొత్తది చెయ్యమని లేతు మిషనాయనకు ఇచ్చేశాను. అయినా కాలు నిలవలేదు. ఆ ఐదంకెలు కాగితం మీద రాసుకుని ట్రాఫిక్ కాలనీకి వెళ్లాను. రెండుసార్లు గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగాను. మూడోసారి వరండాలో కూర్చున్న కాకే నన్ను చూసి పిలిచాడు.

"ఏటి కాగితం?"

చెప్పాను. మొత్తం.

"దేంతో రుద్దినావు?"

"ఉప్పు కాగితంతో, కాకు."

"ఇత్తడి మీద ఉప్పు కాగితమా! నువ్వేటి వడ్రంగి కొడుకువిరా!" అని నవ్వాడు. నేనూ నవ్వబోయాను. అప్పటికే ఆయన ఆపేశాడు.

"అప్పుడు నీకెన్నేళ్లు?"

"పదకొండు."

"ఠీక్ హై. పదకొండేళ్ల గుంటణ్ణి మాఫ్ సేసేసినాను. మరి ఇరవయ్యేళ్లోడిని, ముప్పయ్యేళ్లోడిని... మీ నాన్న మంచం మీదున్నప్పుడు పక్కన కూకున్నోడిని... ఆళ్లనేటి సెయ్యమంటావు?"

ఐదంకెల కాగితం ఆయన పక్కన పెట్టి, సైకిలెక్కి వచ్చేశాను.

కొత్త చక్రం వచ్చింది. మిషను చప్పుడు లేకుండా తిరుగుతోంది. నాలుగు పలకలు చిత్రిక పట్టి, ఆపేసి బయటికొస్తున్నాను. మోత లేకపోతే కాకు అడిగిందే వినిపిస్తోంది, లోపల ఉండలేకపోతున్నాను.

అప్పట్లో విరిగిన ముక్క కోసం కలకత్తా వెళ్లినా ఉత్త చేతులతో రావాల్సిందే. ఇప్పుడు ఫోటో పెడితే చాలు, ముఖం తెలియని మనిషి కొలతలు పంపిస్తున్నాడు... మా షెడ్డు నుంచి కాకు ఇంటికి సైకిలు మీద పావుగంట. ఆ పావుగంట దారికి నాకు నలభై ఏళ్లు పట్టింది.

చిన్నప్పుడు మీరూ చెప్పకుండా దాచుకున్నది ఏదైనా ఉంటే కింద రాయండి, చదువుతాను. కానీ ముందు వాళ్లింటికి వెళ్లి రండి... వినాల్సిన వాళ్లందరూ ఉండగానే.