రిలీఫ్ అన్న మాట

ఆ రోజుల్లో నా ముఖం మాడ్చడానికి ఒక్క మాట చాలేది: రిలీఫ్. మలేషియా బళ్ళలో, సెలవు మీద వెళ్ళిన టీచరుకు బదులుగా వచ్చి పాఠం చెప్పేవాణ్ణి రిలీఫ్ టీచరంటారు. బాగన్ దాతుక్ దగ్గర ఓ బడిలో, ప్రసవానికి వెళ్ళిన సైన్సు టీచరమ్మ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. (ఆవిడ వేసుకున్న మెత్త కూడా దానిమీద అలాగే ఉండేది.) గుడిలో ఎవరైనా పలకరిస్తే మా అమ్మ "మావోడు టీచరు" అని ఊరుకోవచ్చు కదా! "ఇప్పుడు రిలీఫే గాని, రేపో మాపో పర్మనెంటు అయిపోతాడు లా" అని కలిపేది. (ఆ 'లా' అక్కడివాళ్ళు మాట చివర తగిలించే తోక.) ఇంటికొచ్చి గొడవపెడితే, "ఏటిరా, నాను అబద్దం సెప్పినానేటి?" అనేది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాట ఎక్కడ వినబడినా అది నన్నే అనుకునేవాణ్ణి.

టీచరమ్మ పాఠాలతోపాటు ఆవిడ చూసుకునే ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ జట్టు కూడా నా నెత్తిన పడింది. అది బేస్‌బాల్ లాంటిదే. బంతి కాస్త పెద్దది, చెయ్యి కిందనుంచి ఊపి విసరాలి. పేరులోనే మెత్తదనం ఉంది కదా అని మొదటి రోజు బంతికి మోకాలు అడ్డం పెట్టాను. (ఆ తర్వాత కొన్నాళ్ళు పాఠాలు కూర్చునే చెప్పాను.) జట్టులో బంతి విసిరేవాళ్ళు ఇద్దరు, ఇద్దరూ మన తెలుగు పిల్లలే. పెద్దదాన్ని 'లోరీ', అంటే లారీ, అనేవారు, బంతి అంత జోరుగా వచ్చేది. చిన్నది 'చిలి పాడి', అంటే ఇక్కడి చిట్టి మిరపకాయ. ఆట సగం దాటేదాకా లోరీ విసిరేది. ఆ జోరుకు అవతలివాళ్ళ చేతులు అలవాటు పడ్డాక చిలి పాడి వచ్చి నింపాదిగా విసిరేది. వాళ్ళు బంతి ఇంకా దారిలో ఉండగానే బ్యాటు ఊపేసి, తర్వాత బంతిని చూసేవాళ్ళు. ఈ పద్ధతి టీచరమ్మ పెట్టిందే. దాంతోనే జిల్లా ఫైనల్ దాకా వచ్చేశాం. గెలిస్తే రాష్ట్ర పోటీలకు వెళ్తాం, మా బడికి అది మొదటిసారి. లోరీకేమో బడిలో అదే ఆఖరి ఏడు.

ఫైనల్ ముందురోజు అవతలి జట్టు కోచి నాకు టీ ఇప్పించి, "మీ రిలీఫ్ పిల్ల గట్టిది సుమా" అని మెచ్చుకున్నాడు. వెనక వచ్చి విసిరేవాళ్ళను ఆ ఆటలో రిలీఫ్ అంటారని నాకు అప్పుడే తెలిసింది. ఆ టీ సగంలోనే వదిలేసి లేచాను.

మర్నాడు మైదానంలో, చిలి పాడే మొదట విసురుతుందని ప్రకటించాను.

"వద్దు సార్," అంది ఆ పిల్ల, వచ్చీరాని తెలుగులో. "అక్క ఫస్ట్ ఎయ్యాల. ఆ స్పీడు సూసినాకే నా స్లో బాల్ వాళ్ళకి దొరకదు లా."

"ఒకరి వెనకాల నిలబడే బతుకు నీకెందుకమ్మా? నీకేం తక్కువ?" అన్నాను. నా గొంతు కాస్త వణికింది కూడా. (ఆ పిల్ల కోసమే వణికిందనుకున్నాను.)

లోరీ బంతి తెచ్చి దాని చేతిలో పెట్టింది. "సార్ సెప్పినారు గదా, ఎయ్యి."

ముందు జోరు చూడనివాళ్ళకు ఆ నెమ్మది బంతి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టయింది. కొట్టినవి కొట్టినట్టే పామాయిలు చెట్లలో పడుతున్నాయి. చిలి పాడి ప్రతి బంతికీ ముందు నావైపు చూసేది. నేను చప్పట్లు కొట్టి "శభాష్" అనేవాణ్ణి. మార్చవచ్చు, కానీ మారిస్తే లోరీ రిలీఫ్ అయిపోతుంది కదా! ఎట్టకేలకు పంపాను. లోరీ వాళ్ళను కట్టిపడేసింది గానీ, అప్పటికే ఆట చెయ్యి దాటిపోయింది. ఓడిపోయాం.

చిలి పాడి సంచి మీద కూర్చుని బూటు తాళ్ళు విప్పుకుంటోంది. పక్కన చతికిలబడ్డాను.

"అక్కకి ఇదే లాస్ట్ సార్," అంది తలెత్తకుండా.

"నిన్ను రిలీఫ్ అన్నారని నాకు కష్టమేసిందమ్మా," అని నసిగాను.

అప్పుడు తలెత్తి వింతగా చూసింది. "ఎందుకు సార్? సార్ కూడా రిలీఫే గదా. మీరు వచ్చినాకే నాకు సైన్స్ తెలిసినాది. నాను కూడా సార్ లాగే రిలీఫ్ అని ఇంట్లో అందరికీ సెప్పినాను."

ఓటమికి ఏడవని పిల్ల ఆ మాట చెప్పి ఏడ్చింది. నేను లేచి, అక్కర్లేకపోయినా బ్యాట్లు ఏరడం మొదలుపెట్టాను.

మీసం సరిగా రాని ఆ సార్‌ను తలచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది. సిగ్గే ముందు వస్తుంది. నేను పర్మనెంటు అయి చాలా ఏళ్ళయింది. ఆ పేరు తనకూ కావాలని ఇంతవరకు ఏ పిల్లా అనలేదు.