శింగనమలలో ఒక ఖాళీ టీవీ పెట్టె

పాత సినిమాల్లో కనిపించే టీవీలంటే నాకు పిచ్చి. జమీందారుగారి హాల్లో బీరువాలా చెక్క తలుపులు, పైన అల్లిక గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పూలు. ఎవరో తలుపులు తెరవగానే సరిగ్గా కథకు కావలసిన వార్తే వస్తుంది. కొన్నింటిలో అసలు టీవీయే ఉండదు. నిజం టీవీని కెమెరాతో తీస్తే తెర మీద గీతలు పాకేవట, అందుకని ఖాళీ పెట్టె చేయించి వెనక మనిషిని కూర్చోబెట్టేవారు. అలాంటి ఒక పెట్టెను బ్లాగులో తెగ మెచ్చుకుంటే, శింగనమల నుంచి రామలక్ష్మి అనే ఆవిడ జవాబు రాసింది. దాన్ని చేసిన వడ్రంగి తన తండ్రేనట, వెనక కూర్చుని వార్తలు చదివిందీ ఆయనేనట. ఆ పెట్టె ఇప్పటికీ వాళ్ళింట్లోనే ఉందట. తనకు ఏడాది నిండకముందే ఆయన పోయాడు. ఉన్న ఒక్క ఫోటో వానకు తడిసి చెరిగిపోయింది. నాయన ముఖం ఒక్కసారి చూడాలని రాసింది. సినిమా నా దగ్గరే ఉంది. పెట్టెను చూడాలన్న ఆశ కొద్దీ, నేనే తెచ్చి చూపిస్తానన్నాను.

అనంతపురంలో పొద్దున ఏడింటికి పల్లెవెలుగు ఎక్కితే గంట ప్రయాణం, టికెట్టు యాభై లోపే. దారి పొడుగునా చేలు దున్ని వాన కోసం వదిలేశారు. బస్సు దిగాక ఆటోకు ముప్పై. వచ్చిన పని చెబితే డ్రైవరుకు నచ్చలేదు.

"ఏమన్నా, పని చేయని టీవీ చూసేకి ఇంత దూరం వచ్చినావా?"

అది ఎన్నడూ పని చేయలేదని చెప్పాను.

రామలక్ష్మి ఆ పూట కూలికి పోకుండా ఆగిపోయింది. వాళ్ళమ్మ ఓబులమ్మ పెట్టె తెరిచి, అందులో దాచిన విత్తనపు శనక్కాయలు పక్కకు తీసింది. తలుపుల మీద తామరపూలు. టీవీని ఎన్నడూ చూడని మనిషికి తలుపులు పెట్టమని చెబితే, దేవుడి గూటికి చెక్కినట్టే చెక్కాడట. సినిమావాళ్ళు నవ్వారు గానీ మార్చమనలేదు. తెచ్చిన నటుడు లావై వెనక పట్టకపోతే, ఈయనకే కోటు తొడిగి కూర్చోబెట్టారు. ఆ సినిమా ఊళ్ళో ఆడినప్పుడు ఓబులమ్మ పురిట్లో ఉంది, చూడలేకపోయింది.

ఉగ్గాని తిన్నాక ఫోన్‌ను ఆ పెట్టెకే ఆనించాను. తెరలో తామరపూల తలుపులు తెరుచుకున్నాయి. టీవీని దగ్గరగా చూపించారు. కోటు, కాగితం పట్టుకున్న చేతులు, గడ్డం. అంతే. ఇప్పటి వెడల్పు తెరలకు సరిపోవాలని ఎవరో బొమ్మను పైనా కిందా కోసేశారు. ఆ సినిమా ఎన్నిసార్లు చూశానో. తలుపులు చూశాను, మీటలు చూశాను. మనిషికి ముఖం లేదని ఒక్కసారీ గమనించలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

రామలక్ష్మి ఫోన్‌ను కొంచెం వంచి చూసింది, పైన ఇంకేమైనా కనిపిస్తుందేమోనని.

"ముఖం యాడ అన్నా?"

జరిగింది చెప్పాను. ఓబులమ్మ బొమ్మను అక్కడే ఆపమంది. కూతురి గడ్డం పట్టుకుని ఫోన్ వైపు తిప్పింది.

"ఇది నీదే చూడు. పైనదంతా నేను చెప్తాలే."

తిరుగు బస్సులో ఆ మాటే చెవుల్లో ఉంది. ఇన్నేళ్ళూ పెట్టెల గురించి రాశాను, వాటి వెనక ఇరుక్కుని కూర్చున్నవాళ్ళ గురించి ఒక్క ముక్క రాయలేదని బాధేసింది. ఎవరికైనా పాత సినిమా చూపించడానికి బయలుదేరితే, ముందు ఇంట్లోనే ఆ సీను చూసుకోండి, కోయని ప్రింటు దొరికాకే బస్సెక్కండి. నేను తిరిగి వచ్చినప్పటి నుంచి దాని కోసమే అడుగుతున్నాను, ఎవరి దగ్గరా లేదు. ఆయన ముఖం ఇప్పుడు ఓబులమ్మ ఒక్కతికే తెలుసు. ఆమెకు డెబ్బై దాటాయి.