దూడ సీరం వద్దన్న మేడం

మొన్న కొత్తగూడ ఫ్లైఓవర్ కింద ఆటో కోసం నిలబడితే, పక్కనున్న పాన్ డబ్బాలోంచి తమలపాకూ తడి సున్నమూ కలిసిన వాసన గుప్పున కొట్టింది. ఎవరికైనా నోరూరాల్సిన వాసన అది. నాకు మాత్రం గుండె దడదడలాడింది. ఆటో సంగతి వదిలేసి గబగబా అవతలికి నడిచాను. ఆ వాసన తగిలితే నాకు ఇద్దరు గుర్తొస్తారు. ఒకరు, సున్నం పడి కన్ను చెడగొట్టుకున్న ఓ చిన్నపిల్ల. ఇంకొకరు, ఆ కన్ను సాక్షిగా నాకు భయపడటం నేర్పిన సుగుణ మేడం.

మేడం పుట్టిందీ పెరిగిందీ తెల్లాపూర్‌లోనే, ఈ గేటెడ్ కమ్యూనిటీలేవీ లేని కాలంలో. ఎంత పెద్ద చదువు చదివినా భాష మాత్రం మార్చుకోలేదు. ఓ కంటి ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న చిన్న ల్యాబ్‌కు ఆవిడ పెద్ద. నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలను కాస్త తీసి, పళ్ళెంలో పెంచి, చెడిన కంటి మీద అతికించడానికి సిద్ధం చేయడం మా పని. నేను కడప నుంచి వచ్చి కొత్తగా చేరాను. లోపలికి అడుగుపెట్టే ముందు ప్రతి ఒక్కరినీ ఆవిడ ఒకే ప్రశ్న అడిగేవారు: "ఇయ్యాల దేనికి భయపడుతున్నవ్ బిడ్డా?"

మొదటి రోజు నేను గొప్పగా, "నాకేం భయం లేదు మేడం," అన్నాను.

"అట్లయితే లోపలికి రాకు. పొయ్యి చాయ్ తాగు. భయమైనంక వద్దువు గాని," అని తలుపు వేసేశారు. ఒళ్ళు మండిపోయింది. ధైర్యం చెప్పే పెద్దల్ని చూశాను గానీ, భయపడమని బయట నిలబెట్టే మనిషిని ఎక్కడా చూడలేదు!

సున్నం పడిన ఆ పిల్ల పేరు మౌనిక. తండ్రి మల్లేశం మదీనాగూడలో ఓ అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్. పాప సున్నం పొట్లం నలుపుతూ ఆడుకుంటుంటే అది పగిలి ఎడమ కంట్లోకి చిమ్మింది. వెలుగూ చీకటీ తప్ప ఆ కంటికి ఇంకేమీ తెలియదు. బాగున్న కుడికంటి అంచు నుంచి డాక్టర్లు నువ్వుగింజంత ముక్క తీసి మాకు పంపారు. మల్లేశం మా గుమ్మం దగ్గరికొచ్చి, "ఏం గాదు గదా మేడం?" అన్నాడు. ఏమీ కాదులే అన్నా, అని నేను నోరు తెరవబోతుంటే మేడం నా చెయ్యి నొక్కారు.

"గ్యారంటీ ఇయ్యలేను మల్లేశం. మంచి కంటికెల్లి తీసినం. ఇది పెరగకపోతే మల్లా ఆ కన్నునే ముట్టాలె. నాక్కూడ భయమైతుంది," అన్నారు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. అబద్ధమైనా ఒక్క మంచిమాట చెప్తే ఈవిడ సొమ్మేం పోయిందని నాకు కోపం వచ్చింది.

కణాలు పెరగాలంటే తిండి కావాలి. రక్తం గడ్డకట్టాక పైన తేరే లేత పసుపు నీరుంటుందే, ఆ సీరమే వాటి తిండి. దూడ రక్తంలోంచి తీసింది పోస్తే ఆబగా పెరుగుతాయి, చాలాచోట్ల అదే వాడేవారు. మేడం మాత్రం మనిషి కోసం పెంచే కణాలకు జంతువుల నుంచి వచ్చింది ఏదీ తగలనిచ్చేవారు కాదు. రోగి సొంత రక్తంలోంచే సీరం తీయించేవారు. మౌనిక పుల్లలాంటి పిల్ల, తీయగలిగింది కొంచెమే. అది అడుగంటే సమయానికి కణాలు పళ్ళెంలో సగం దాకా పాకి ఆగిపోయాయి. మైక్రోస్కోపులో చూస్తే అంచులు ముడుచుకుపోతున్నాయి. వేరే ప్రయోగాల కోసం తెచ్చిన దూడ సీరం సీసా ఫ్రీజర్‌లోనే ఉంది.

"రెండు చుక్కలు వేద్దాం మేడం. లేకుంటే చచ్చిపోతాయి. పాప మంచి కన్ను మళ్ళీ కొయ్యాల్సొస్తుంది," అన్నాను.

"భయమైతుందా?"

"చానా భయంగా ఉంది మేడం."

"నాక్కూడ. గని ఏ భయం పెద్దదో చూడు. ఆ సీసాల ఉన్నదాంట్ల మనకు తెలిసింది కొంతనే. తెల్వనిదంతా పిల్ల కంట్లకు పోతది. ఏ రోగం ఎంటొస్తదో, ఒళ్ళు దాన్ని పరాయిదనుకొని ఎప్పుడు తిరగబడుతదో ఎవలకెరుక? పళ్ళెంల సస్తే మనం ఏడుద్దాం. కంట్ల పెట్టినంక సస్తే ఆ పిల్ల ఏడుస్తది."

మల్లేశాన్ని పిలిచి ఉన్నదున్నట్టు చెప్పారు. అతను చొక్కా చెయ్యి పైకి మడిచేశాడు. "నాది తీస్కోండ్రి మేడం, ఎంత గావాల్నో అంత తీస్కోండ్రి!"

"తీస్కుంట. గని జర ఆగు, కన్నతండ్రిదైనా పరీక్ష చేయందే పొయ్య," అన్నారు. ఆ ఫలితాలు వచ్చేదాకా మేడం అన్నం ముట్టలేదు. నేను మొక్కని దేవుడు లేడు. పళ్ళెం చూడాలంటే భయం, చూడకుండా ఉండాలన్నా భయం. రక్తం మంచిదేనని తేలింది. ఆ సీరం పోశాక కూడా రోజంతా ఏ కదలికా లేదు. ఆ తర్వాతే అంచులు మెల్లగా విచ్చుకున్నాయి.

ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు కంటి పరీక్ష పెట్టారు. మేడం లోపలికి వెళ్ళలేకపోయారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వరండా బెంచీ మీదే ఉండిపోయారు. ఆవిడ చెయ్యి మంచులా ఉంది. తలుపు తీసుకుని మౌనిక బయటికొచ్చింది, కుడికన్ను మీద డాక్టర్లు వేసిన కాగితం గంత ఇంకా అలాగే ఉంది. పాప మేడం ఎదుట నిలబడి, తల పక్కకు వంచి, ఎడమకంటితో అలా చూసింది.

"మేడం, నువ్వెందుకు ఏడుస్తున్నవ్?"

ఆ ఏడుపుకు చప్పుడు లేదు. చెంపల మీద నీళ్ళు తప్ప ఇంకేమీ లేదు. పాప వెనకే వచ్చిన మల్లేశం ఆ మాట విని ఉన్నచోటే కూలబడిపోయాడు.

మేడం ఇప్పుడు లేరు. నేను వేరే ల్యాబ్‌లో పెద్దదాన్నయ్యాను. లోపల ఏముందో పూర్తిగా చెప్పలేని సీసాను గుమ్మం దాటనివ్వను. కుర్రాళ్ళు వెనకాల పిరికిదని నవ్వుకుంటారని తెలుసు, నవ్వుకోనీ. పళ్ళెం చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ నా వేళ్ళు చల్లబడతాయి. అవి చల్లబడని రోజున నేను ఈ పని మానేస్తాను.