వద్దు మాస్టారి గది

పిల్లలు రేపు ఏ పనిలోకి వెళ్ళాలో, దానికి ఏ చదువు చదవాలో చెప్పడానికి ఆ హైస్కూల్లో ప్రత్యేకంగా ఒక మాస్టారు ఉండేవారు. ఆయన చెప్పేది ఒకే ఒక్క మాట. వద్దు. డాక్టరవుతానన్నవాడికి వద్దు, వంటవాడినవుతానన్నవాడికి వద్దు, "ఇంకా ఏమీ అనుకోలేదు సార్" అని నసిగినవాడికి అసలే వద్దు. దారి చూపించడానికి జీతం తీసుకునే మనిషి ప్రతి దారికీ అడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఎలా ఉంటుందో చూడాలంటే ఆయన గదికి వెళ్ళాల్సిందే. ఆయన అసలు పేరు ఎవరికైనా గుర్తుందో లేదో తెలియదు. లోకం మొత్తానికీ ఆయన వద్దు మాస్టారు.

ఆ అలవాటు గది దాటి బయటికి కూడా పాకింది. క్యాంటీన్ ఆమె "టీ కావాలా?" అని అడగడం ఏనాడో మానేసింది. అడిగితే వద్దంటారు, అడక్కుండా బల్ల మీద పెట్టిపోతే శుభ్రంగా తాగుతారు. ఆయన భార్య అంతకన్నా తెలివైనది. "బెండకాయ వండనా అంటే వద్దంటారని నాకు తెలుసు. అందుకని, బెండకాయ మానేయనా అంటాను. వద్దంటారు. వండేస్తాను," అని స్కూలు వార్షికోత్సవంలో అందరి ముందూ చెప్పేసింది. మాస్టారు కూడా అందరితోపాటు నవ్వారు.

ఒకడు విమానం నడుపుతానన్నాడు. "వద్దు. నీ సైకిలు తాళంచెవి నువ్వు రోజూ పారేసుకుంటావు," అన్నారు మాస్టారు. వాడు పంతం పట్టి తాళంచెవిని తాడుతో మెడకి కట్టుకుని తిరిగాడు. కొన్నాళ్ళకి వచ్చి, ఛాతీ విరుచుకుని చూపించాడు. "వద్దు. లెక్కల్లో నువ్వు కూడాల్సిన చోట తీసేస్తావు," అన్నారు. వాడు తిట్టుకుంటూ లెక్కల పుస్తకం తీశాడు.

"మీరు ఎవరికైనా ఎప్పుడైనా సరే అన్నారా?" అని హెడ్‌మిస్ట్రెస్ నిలదీసింది ఒకసారి.

"ఆ సంగతి వద్దులెండి," అన్నారు ఆయన.

ఈ వద్దు దెబ్బకి ఆ ఏడాది అందరికన్నా ఎక్కువ నలిగిపోయింది టైలరు గారి అమ్మాయి. సంచిలో పుస్తకాలతోపాటు నట్లు బిగించే పానా ఒకటి కూడా పెట్టుకుని తిరుగుతుంది కాబట్టి తోటిపిల్లలు ఆమెని పానా అనే పిలిచేవారు. వాళ్ళిల్లు పెద్ద బిల్డింగులో ఏడో అంతస్తు. నాయనమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఒకసారి లిఫ్టు చెడిపోయి బాగుచేసేవాళ్ళు రాక, ముసలావిడ చాలా రోజులు కిందకి దిగలేదు. కిటికీ దగ్గర కూర్చుని, రోడ్డు మీద పోయేవాళ్ళని ఊరికే తిట్టేది. చివరికి మెకానిక్కు వచ్చాడు. పానా ఆయన వెనకాలే డాబా మీది గదిలోకి వెళ్ళి, లిఫ్టుని లాగే పెద్ద చక్రం మళ్ళీ కదలడం చూసింది. ఆ సాయంత్రం నాయనమ్మ కిందకి దిగి, తను తిట్టినవాళ్ళందరినీ పేరుపేరునా పలకరించి వచ్చింది. పానా ఆ రోజే నిర్ణయించుకుంది. లిఫ్టు మెకానిక్కు అవ్వాలి. టెక్నికల్ కాలేజీలో ఆ కోర్సుంది. ఏ కోర్సు కావాలో కాగితం మీద రాసి, తండ్రి చేత సంతకం పెట్టించి, గడువు లోపల స్కూలు ఆఫీసులో ఇవ్వాలి. గడువు దాటితే ఆ సీటు పోయినట్టే.

తండ్రి లెక్క వేరు. ఆయన బతుకంతా మిషను మీదకి వంగి మెడ పట్టేసిన మనిషి. కూతురు బ్యాంకులో ఫ్యాను కింద, వీపు ఆనించుకునే కుర్చీలో కూర్చోవాలి, అంతే. అందుకు కామర్సు చదవాలి. పానా ఒక రాత్రి భోజనాల దగ్గర ధైర్యం చేసి లిఫ్టు మాట ఎత్తింది. ఆయన నమలడం ఆపాడు. "లిఫ్టా?" అన్నాడు. తర్వాత, "కూరలో ఉప్పు తక్కువైంది," అన్నాడు. ఆ మాట మళ్ళీ ఎత్తడానికి ఆ పిల్లకి గుండె చాలలేదు.

సరే, స్కూల్లో దారి చూపించే పెద్దమనిషి ఉన్నాడు కదా అని మాస్టారి గదికి వెళ్ళి గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది.

"వద్దు," అన్నారు మాస్టారు.

"ఎందుకు సార్?"

"ఒళ్ళంతా గ్రీజు. మంచి బట్ట మీద గ్రీజు పడితే ఏ సబ్బుకీ వదలదు."

పానా బయటికొచ్చి కుళాయి దగ్గర నిలబడి ఏడ్చి, మొహం కడుక్కుంది. ఇంటికెళ్ళేసరికి ఏడుపు పోయి కోపం మిగిలింది. లిఫ్టు మెకానిక్కుని వెతికి పట్టుకుని, కనుక్కుని, మళ్ళీ వచ్చింది.

"పనికి వేరే డ్రెస్సు ఉంటుంది సార్. అయిపోయాక విప్పేసి వస్తారు."

"వద్దు. అర్ధరాత్రి ఎవరో ఇరుక్కుంటారు, ఫోనొస్తుంది. ఆడపిల్ల ఒక్కతే పోతుందా?"

మళ్ళీ మెకానిక్కు, మళ్ళీ మాస్టారు. "ఒక్కళ్ళని ఎప్పుడూ పంపరట సార్. ఒకరు పైన మిషను దగ్గర, ఒకరు తలుపు దగ్గర. అది రూలు."

"వద్దు. పైనుంచి పడితే?"

"నడుముకీ భుజాలకీ బెల్టు కట్టుకుంటారు సార్."

"ఆ బెల్టు కుట్టినవాడెవడు? ఆ కుట్టు ఎలా ఉంటుంది? నువ్వు చూశావా?"

ఆ ప్రశ్నకి పానాకి మతిపోయింది. ఇంటికెళ్ళి నాయనమ్మతో చెప్పుకుంది. "ఆయనకి తిక్క ముదిరిపోయిందే నాయనమ్మా. బెల్టు కుట్టు ఎలా ఉంటుందో కావాలట!"

"పోయి చూసి చెప్పు," అంది నాయనమ్మ. "నీకు మోకాళ్ళు బాగానే ఉన్నాయిగా."

పోయి చూసింది. బెల్టుని అటు తిప్పి ఇటు తిప్పి, వెలుతురులో పెట్టి చూస్తుంటే మెకానిక్కుకి అనుమానం వచ్చింది. "కొంటావా ఏంటమ్మా?" అన్నాడు. చూసినదంతా వచ్చి చెప్పింది. మాస్టారు శ్రద్ధగా విని, "వద్దు," అన్నారు.

"ఇంకేం మిగిలింది సార్ వద్దనడానికి!" అని అరిచేసింది పానా. వరండాలో పిల్లలు తొంగిచూశారు. అరిచినందుకు మాస్టారు కోప్పడలేదు. "గడువు రోజున మీ నాన్నగారిని తీసుకురా," అన్నారు, అంతే.

ఆ రోజు రానే వచ్చింది. నాలుగింటికి ఆఫీసు మూసేస్తారు. మూడున్నర దాటినా టైలరు రాలేదు. పానా వరండాలో గోడకి ఆనుకుని నిలబడింది. మడిచి మడిచి పెట్టిన కాగితం చేతి చెమటకి మెత్తబడిపోయింది. అందులో ఏం రాసిందో తండ్రికి తెలియదు. ఆయన రాకపోతే సీటు పోతుంది, వస్తే ఏమవుతుందో ఊహకందడం లేదు. రాకపోతేనే బాగుండునేమో అని ఒక క్షణం అనిపించి, అలా అనుకున్నందుకు తనని తనే తిట్టుకుంది.

టైలరు పరుగున వచ్చాడు. మెడలో టేపు అలాగే వేలాడుతోంది. గదిలోకి అడుగు పెడుతూనే జేబులోంచి పెన్ను తీశాడు.

"కామర్సేగా మాస్టారూ? సంతకం ఎక్కడ పెట్టాలి? కొట్లో కస్టమర్లు కూర్చున్నారు."

"కాగితం ఇవ్వమ్మా," అన్నారు మాస్టారు.

పానా ఇచ్చింది. తండ్రి పెదవులు కదుపుతూ చదివాడు. కదులుతున్న పెదవులు ఆగిపోయాయి. "లిఫ్టా," అన్నాడు. ఈసారి వంక పెట్టడానికి ఎదురుగా కూర కూడా లేదు.

"మాస్టారూ, ఇది మీరు రాయించారా?"

"నేను వద్దన్నాను."

"చూశావా! మాస్టారే వద్దంటున్నారు!"

ఈయనకి నేనేం అపకారం చేశానని, సరిగ్గా ఇప్పుడే నా గొంతు కోస్తున్నాడు అనుకుంది పానా. తలుపు దగ్గర అటెండరు తల పెట్టి, "తొందరగా కానివ్వండి సార్, ఆఫీసులో తాళాలు తీసుకుంటున్నారు," అని చెప్పిపోయాడు.

తండ్రి గొంతు తగ్గించాడు. ఆయన కోపంగా ఉంటే పోట్లాడొచ్చు. బతిమాలుతుంటే ఏం చేయాలి? "అమ్మడూ, ఒళ్ళంతా గ్రీజు అంటుకుంటుందమ్మా. మంచి బట్ట మీద గ్రీజు పడితే ఏ సబ్బుకీ వదలదు."

పానా తలెత్తింది. జవాబు ఆలోచించనక్కరలేకుండానే నోట్లోంచి వచ్చేసింది. "పనికి వేరే డ్రెస్సు ఉంటుంది నాన్నా. విప్పేసి వస్తారు."

"అర్ధరాత్రి ఫోనొస్తే? ఒక్కదానివే పోతావా?"

"ఒక్కళ్ళని ఎప్పుడూ పంపరు. ఇద్దరుంటారు. అది రూలు."

తండ్రి మెడలో టేపు కొసని వేలికి చుట్టుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన మాట మాత్రం మనసు అడుగు నుంచి వచ్చింది. "పైనుంచి పడితే?"

"బెల్టు ఉంటుంది నాన్నా."

"ఆ బెల్టు కుట్టినవాడెవడు? ఆ కుట్టు ఎలా ఉంటుందో నువ్వు చూశావా?"

పానా చటుక్కున మాస్టారి వైపు తిరిగింది. ఆయన కిటికీ గడియని పరిశీలిస్తున్నారు, దాన్ని జన్మలో ఎప్పుడూ చూడనట్టు.

"చూశాను నాన్నా," అంది నెమ్మదిగా. "లావు దారం. పట్టీ మడత మీద నలుచదరంగా కుట్టి, మధ్యలో మూల నుంచి మూలకి అడ్డంగా మళ్ళీ కుడతారు. బెల్టు పసుపు, దారం నలుపు."

"వేరే రంగు దారమా? ఎందుకు?"

"ఒక్క పోగు తెగినా కంటికి కనిపించాలని. కట్టుకునే ముందు ప్రతిసారీ చూసుకుంటారు. తెగితే ఆ బెల్టు పారేస్తారు. మళ్ళీ కుట్టి వాడరు."

టైలరు చూపుడువేలితో బల్ల మీద ఒక చదరం గీసి, మధ్యలో అడ్డగీతలు గీశాడు. మరోసారి గీశాడు. "కుట్టు కనిపించకూడదని మేం జీవితమంతా చస్తాం," అన్నాడు. "కనిపించాలని కుట్టేవాళ్ళు కూడా ఉన్నారన్నమాట. ఎవడో పని తెలిసినవాడే."

అంతలో ఆయనకి ఏదో తట్టింది. మాస్టారిని కిందినుంచి పైదాకా చూశాడు. చూపు నడుము దగ్గర ఆగింది.

"ఉండండి ఉండండి. ఈ ప్యాంటు నడుము వదులు చెయ్యమని వచ్చారు. మళ్ళీ బిగించమని వచ్చారు. మళ్ళీ వదులన్నారు. మీ ఒళ్ళు చూస్తే పెరిగిందీ లేదు, తగ్గిందీ లేదు. పాపం ఈయనకి మతి నిలకడ లేదనుకున్నాను. వచ్చినప్పుడల్లా కూర్చుని, లిఫ్టు పనంటే మీకేమనిపిస్తుందండీ అని మాటవరసకి అడగడం! బెల్టు కుట్టు సంగతి నేను మీతోనే అన్నాను!"

మాస్టారు మళ్ళీ కిటికీ గడియ వైపు తిరిగారు. ఆయన విడమర్చి చెప్పాల్సిన అవసరం పానాకి లేదు. ఆ మాటలన్నీ మొదటిసారి తండ్రి నోటనే విని ఉంటే తను ఇప్పుడు ఎక్కడుండేదో ఆమెకి బాగా తెలుసు. కుళాయి దగ్గర. ఏడుపు ఆగేసరికి నాలుగు కొట్టేసి ఉండేది.

"ఇంతకీ మీరేమంటారు?" అన్నాడు టైలరు.

"వద్దు."

"ఎందుకొద్దు?" టైలరు గొంతు లేచింది. "అడిగినవాటన్నిటికీ టకటకా చెప్పిందిగా! మా అమ్మాయికేం తక్కువ?" అంటూ కాగితం లాక్కుని, బల్ల అదిరేలా సంతకం పెట్టాడు. పెట్టాక తను ఏం చేశాడో చూసుకుని, ఒక నిట్టూర్పు విడిచి, "ఆ బెల్టు ఒకసారి నాకు చూపించాలి మరి," అన్నాడు కూతురితో.

పానా కాగితం తీసుకుని ఆఫీసుకి పరిగెత్తింది. గుమస్తా తలుపు మూసేస్తున్నాడు. తలుపుకీ గుమ్మానికీ మధ్య కాలు పెట్టి, అతని చేత తీయించి, ముద్ర వేయించుకుని గానీ వదల్లేదు. తిరిగి వచ్చి, మాస్టారి గది గుమ్మంలో నిలబడింది.

"సార్, నాన్న ఇవన్నీ అడుగుతారని నాకు ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తే బట్టీ పట్టేదానివి. ఆయన ఎదుట మర్చిపోయేదానివి. నా మీద కోపంతో నేర్చుకున్నావు చూడు, అది మర్చిపోలేవు."

"అయితే మీరు అన్నవాటిలో మీ మాట ఒక్కటైనా ఉందా సార్?"

మాస్టారు నవ్వబోయారు. అంతలో సెలూన్ ఆయన తన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళది వేరే కోర్సు, గడువు మర్నాటిదాకా ఉంది. ఆ కుర్రాడు పానా క్లాసువాడే. చేపల జబ్బులకి మందిచ్చే డాక్టరవ్వాలని వాడి కోరిక. ఎవరు ఏమన్నా నేల చూపులు చూడటమే తప్ప ఎదురు మాట్లాడి ఎరగడు. సెలూన్ ఆయన గుమ్మంలోనే ఆగి, మాస్టారి తల వైపు అనుమానంగా చూశాడు. ఆ తల మీద కత్తెరకి దొరికేంత జుట్టు ఎక్కడా లేదు.

"ఏంటి సార్, మళ్ళీ కటింగుకి కబురు పెట్టారనుకున్నాను. ఇంకా ఏముందని!"

టైలరు ఫక్కున నవ్వి, కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. పానా పక్కకి తప్పుకుంటూ ఆ కుర్రాడి చొక్కా పట్టి లాగింది. "ఊరుకోకురా. అడుగు," అని చెవిలో చెప్పింది. వాళ్ళు లోపలికి వెళ్ళారు. తలుపు పడింది.

తండ్రీకూతుళ్ళిద్దరూ వరండాలోనే ఆగిపోయారు. కొట్లో కస్టమర్లు కూర్చుని ఉన్నారన్న సంగతి టైలరుకి గుర్తే లేదు. లోపలి నుంచి మాస్టారి గొంతు వినిపించింది. "వద్దు."

తర్వాత ఎంతసేపటికీ ఏమీ వినపడలేదు. పానా గోళ్ళు కొరుక్కుంది. అప్పుడు లోపల ఒక సన్నటి గొంతు, వణుకుతూనే, లేచింది.

"ఎందుకొద్దు సార్?"