పొద్దున తిన్నదెవరు?

మా కుక్క రాణి ఈతకు ఆరేడు పిల్లల్ని కంటుంటే వీధంతా మమ్మల్ని తిట్టుకునేది. నిరుడు కోయిలకుంట్ల పశువుల ఆసుపత్రిలో కుక్కలకు తక్కువ ఖర్చుతో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తున్నారని తెలిసి, ఆఖరి రోజున మా ఆవిడ, నేను దాన్ని తీసుకెళ్లాం.

కాంపౌండర్ చీటీలో ఉన్న నా పేరే పిలిచాడు.

"రామప్పా, పొద్దున ఏమన్నా తిన్యావా?"

మా సీమలో మనిషి కనబడితే అడిగే మాటే కదా అనుకున్నాను.

"తిన్యానప్పా. ఉగ్గాని, బజ్జీలు."

"తింటే ఆపరేషన్ ఎట్ల చేస్తారు? ఇంటికి పో!"

ఈరోజు తప్పితే రాణికి మళ్లీ పిల్లలా?

మా ఆవిడ అరిచింది. "తినింది మా ఆయప్ప సార్! కుక్క రాత్రి నుంచి పస్తుండాది!"

"మరి ఆపరేషన్ ఎవరికమ్మా?" అన్నాడు కాంపౌండర్, నన్ను ఎగాదిగా చూస్తూ.

అందరూ గొల్లుమన్నారు.

రాణికి ఆపరేషన్ అయింది. ఇప్పుడు మా వీధిలో కుక్కపిల్లలు తగ్గాయి, నన్ను చూసి నవ్వేవాళ్లు పెరిగారు. ఈ బేరం నాకు సమ్మతమే.