రెండు చివరల నుంచి రాసిన బోర్డు

మా చిన్నప్పుడు... గౌలిపురలో మా ఇంటి ముందు ఎప్పుడూ రంగు వాసనే. మా నాన్న... బాపు అనేవాళ్లం... దుకాణాలకు బోర్డులు రాసేవాడు. తెలుగు ఆయన రాస్తే, ఉర్దూ మొఘల్‌పురా నుంచి వచ్చే కరీం చాచా రాసేవాడు.

ముందు సుద్దముక్కతో గీతలు గీసి, ఏ అక్షరం ఎక్కడ కూర్చోవాలో చూసుకునేవారు. పని ఇచ్చినవాళ్లు సరే అన్నాకే రంగు డబ్బా మూత తీసేవారు.

ఒకరోజు ఉస్మాన్‌గంజ్ నుంచి ఎండుమిర్చి సేఠ్ వచ్చాడు. ఆ బజారులో బాపుకు అదే మొదటి పని... చెడితే అక్కడ మళ్లీ ఎవరూ పిలవరు.

"లకీరాఁ గికీరాఁ నక్కో భాయ్! సీదా రంగ్ మారో. షామ్ కో బోర్డ్ హోనా!"

గీతలూ గీతలూ ఏమీ వద్దట, నేరుగా రంగే వేయాలట... సాయంత్రానికి బోర్డు కావాలట. కాదనే ధైర్యం బాపుకు లేకపోయింది.

బాపు ఎడమ నుంచి తెలుగు, చాచా కుడి నుంచి ఉర్దూ... ఒకే వరుసలో, ఇద్దరూ తల ఎత్తకుండా రాసుకుంటూ వస్తున్నారు.

చాయ్ తెచ్చిన అమ్మ అక్కడే ఆగిపోయింది. "ఏందయ్యా గిది... రెండు గుద్దుకునేటట్టున్నయి గదా!"

అప్పుడు చూశారు. ఇద్దరికీ ఇంకా అక్షరాలు మిగిలే ఉన్నాయి... మధ్యలో బెత్తెడు జాగా లేదు.

బాపు ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇద్దరూ కిరోసిన్ గుడ్డతో అంతా తుడవడం మొదలుపెట్టారు. సందులో రిక్షా గంట మోగితే చాలు, సేఠే అనుకుని నేను అమ్మ కొంగు పట్టుకునేదాన్ని.

నిజంగా సేఠ్ వచ్చేసరికి రేకు ఖాళీ. "క్యా హై యే?" అని అరిచాడు. చాచా, "జరా బైఠో సేఠ్... పహలే దేఖ్ లో" అని, ముందు చూసుకొమ్మంటూ సుద్దముక్క అందుకున్నాడు.

గీసిన పేరు చూసి సేఠ్ ముఖమే మారిపోయింది. "అరే... మేరే భాయ్ కా నామ్ కిధర్?"

దుకాణం అన్నదమ్ములిద్దరిదట. తొందరలో తమ్ముడి పేరు చెప్పడమే మరిచాడు! ఆ బోర్డు అలాగే ఎక్కి ఉంటే వాళ్లింట్లో ఎంత లొల్లి అయ్యేదో... సాయంత్రానికే కావాలన్న సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు నేనూ ఇలాంటి పనే చేస్తున్నాను, కంప్యూటర్ మీద. "ముందు చేసెయ్యండి మేడమ్, తర్వాత మార్చుకుందాం" అంటారు. ఒక్క మీట నొక్కితే చెరిగిపోతుంది కదా... ఎవరికీ భయం లేదు. నాకు మాత్రం ఇంకా భయమే... ముందు కాగితం మీద గీసి చూపించాకే మొదలుపెడతాను.

పని మొదలుపెట్టే ముందు అలా భయపడేవాళ్లు మీ ఇంట్లో ఎవరుండేవారు?