దసరా దావత్‌లో చింటూకు ఎవరు పెట్టారు?

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది, దసరాకు కొద్ది రోజుల ముందు నన్ను బోథ్ నుంచి మంచిర్యాల పశువుల ఆస్పత్రికి బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరులో అసిస్టెంట్ ఉన్నా ఆస్పత్రికి డాక్టర్ని నేనొక్కదాన్నే. బోథ్‌లో ఎద్దును తోలుకొచ్చిన రైతు అది ఏం మేసిందో, ఎవరి చేన్లో పడి మేసిందో కూడా చెప్పేవాడు. మంచిర్యాలలో కుక్కలను కార్లలో తెచ్చేవాళ్లకు మాత్రం ఏమీ తెలిసేది కాదు.

పండుగ నాడు మధ్యాహ్నం, బొగ్గు గనుల కాలనీలో ఉండే ఒక మేనేజర్ గారి బంగళా నుంచి కబురొచ్చింది. నేను వెళ్లేసరికి తన కింది ఉద్యోగులకు ఆయన ఇస్తున్న విందు, ఆ దావత్ సగంలో ఆగిపోయి ఉంది. వాళ్ల కుక్క చింటూ సోఫా వెనక ముడుచుకుని చొంగ కారుస్తోంది. పొట్ట బిగుసుకుంది, తెలివి మాత్రం ఉంది. మేనేజర్ గారి భార్య దాని తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. ఆయనకు ఎక్కడికి బదిలీ అయినా పొద్దంతా ఆమెకు తోడుండేది ఆ కుక్కే. "వంటింట్లకు పోయొచ్చేసరికి గిట్లయింది. జర బతికియ్యి మేడం" అంది. నాకూ భయమేసింది.

మా వృత్తిలో మందు కన్నా ముందు తెలియాల్సింది ఏం తిన్నదని. విషపదార్థం తింటే రెండు గంటల్లోపు వాంతి చేయించాలి. బొక్క, అంటే ఎముక మింగి ఉంటే చేయించకూడదు, పైకి వచ్చేటప్పుడు గొంతు చీరేస్తుంది. తెలుసుకోకుండా సూది వేస్తే చేతులారా చంపినట్టే.

"ఎవడు పెట్టిండు దీనికి?" అని మేనేజర్ గారు గర్జించారు. అండర్ మేనేజర్లు, ఓవర్‌మన్లు, క్లర్కులు హోదా తప్పకుండా వరుసగా "నేను చూడలే సార్" అన్నారు. గనిలో కటిక చీకట్లో పైకప్పు చిన్న చప్పుడు చేసినా పసిగట్టే మనుషులు, ట్యూబులైట్ల వెలుగులో ఒక కుక్కను చూడలేకపోయారట. నేను బతిమాలాను, కసిరాను. అందరూ ప్లేట్లలోకి చూస్తున్నారు. చింటూ మూలుగుతోంది.

ఏళ్ల తరబడి పైఅధికారుల కింద పనిచేసినదాన్ని, గొంతు మార్చాను. "ఎవరో మహానుభావులు దీనికి బలమైనదేదో పెట్టినట్టున్నారు, అందుకే ఇంకా తట్టుకుంటోంది. వాళ్లెవరో తెలిస్తే దండం పెడతాను" అన్నాను.

గనిలో ఒక షిఫ్టు పనంతా చూసుకునే ఓవర్‌మన్ రాజయ్య చప్పున లేచాడు. "ఇంకెవరు మేడం, మా సారే! తన గిన్నెలకెళ్లి డబుల్ కా మీఠా తినిపిచ్చిండు."

"కిస్‌మిస్‌లు ఏరి ఏరి పెట్టిండు" అని ఒక అండర్ మేనేజర్.

"మేం బొక్కలు ఎయ్యబోతే సారే వద్దన్నడు. ఒక్కటి గూడ ముట్టనియ్యలే" అని క్లర్కు.

ఎంతసేపైందని అడిగితే గంట గూడ కాలేదని అందరూ ఒక్క గొంతుతో చెప్పారు. నాకు కావలసిందంతా వచ్చేసింది.

వాంతికి సూది వేస్తూ, "కిస్‌మిస్ కుక్కలకు విషం. కిడ్నీలు పోతాయి" అన్నాను. రాజయ్య దగ్గి, "నేను జర దూరంగ ఉన్న మేడం, సక్కగ కనవడలే" అంటూ కూర్చున్నాడు.

చింటూ ఉబ్బిన కిస్‌మిస్‌లన్నీ కక్కేసింది. తర్వాత కొన్నాళ్లు సెలైన్ ఎక్కించి, రక్తపరీక్షలు చేయిస్తే కోలుకుంది. ఆ మధ్యాహ్నం మేనేజర్ గారు చాలాసేపు ఆలోచించి, "గా మీఠా వండినోడు ఎవడు?" అని అడిగారు. మరుసటి దసరాకు ఆయన భార్య చింటూను గదిలో పెట్టి, తాళంచెవి కొంగుకు కట్టుకుంది. "వచ్చినోళ్లకు భయపడి కాదు మేడం, మా ఆయనకు భయపడే" అని నాకు ఫోన్లో చెప్పింది.

రిటైరయ్యేదాకా మళ్లీ ఏ దావత్ ఇంట్లోనూ కుక్కకు ఎవరు పెట్టారని అడగలేదు. దాన్ని అంత ప్రేమగా చూసుకున్నది ఎవరని అడిగేదాన్ని. ఏం తినిపించారో దానితో సహా జవాబు వెంటనే వచ్చేది. ముందు సూదిలోకి మందు ఎక్కించుకుని, ఆ తర్వాతే అడిగేదాన్ని.